శుక్రవారం పాల కేకు

వాసవికి కోపం ముక్కు మీదే ఉంటుందని కోదాడలో ఆమెను చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్ళంతా అంటారు. ఆ అన్నవాళ్ళలో ఒక్కరైనా, ఎందుకమ్మా నీకంత కోపం అని అడిగిన పాపాన పోలేదు. అడిగి ఉంటే చెప్పేది. వాళ్ళ నాన్నకు హైవే పక్కన కిరాణా కొట్టు. కారు దిగి వచ్చినవాళ్ళకు మంచి బిస్కెట్లు ఇచ్చేవాడు, నాట్లకు పోయే ఆడవాళ్ళ పిల్లలకు మాత్రం డబ్బా అడుగున విరిగిన ముక్కలు ఏరి అదే ధరకు పొట్లం కట్టేవాడు. మూడో తరగతి చదివే వాసవి ఒకరోజు కొట్టు నిండా జనం ఉండగా, "వాళ్ళకు కూడా మంచివి ఇవ్వొచ్చు కదా నాన్నా!" అని గట్టిగా అడిగేసింది. నాన్న అక్కడ నవ్వి సర్దేశాడు. ఇంటికొచ్చాక వీపు విమానం మోత మోగించాడు. పిల్లకు కోపం ఎక్కువ అనే పేరు ఆ రోజే స్థిరపడిపోయింది.

ఇలాంటి పిల్ల చేతికి కేకు పని ఎలా వచ్చిందంటే అదో చిత్రం. సూర్యాపేటలో డిగ్రీ చదివేటప్పుడు ఆమె అద్దెకున్నది యశోద టీచరు ఇంట్లో. టీచరు రిటైరయ్యాక ఊసుపోక ఓవెన్ కొనుక్కుంది. కొనుక్కుని రోజూ ఏదో ఒకటి మాడబెట్టేది, మాడినదాన్ని పారేయడానికి మనసొప్పక వాసవి చేత తినిపించేది. ఆ చేదు తినలేక వాసవే గరిటె పట్టింది. స్నేహితురాలితో పోట్లాడిన రోజున, కాలేజీలో ఎవరైనా వంకరగా ఒక మాటన్న రోజున, గిన్నె ముందేసుకుని క్రీము గిలక్కొట్టేది. చెయ్యి నొప్పి పుట్టేదాకా గిలక్కొడితే లోపలి మంట కాస్త దిగేది. కోపంలో ఉన్నప్పుడే నా క్రీము బాగా నిలబడుతుందండీ అని ఇప్పటికీ చెబుతుంది.

పెళ్ళయి మిర్యాలగూడ వచ్చింది. మామగారు రామ్మూర్తికి రైస్‌మిల్లు. పొద్దున పోతే పొద్దుగూకాక వస్తాడు, మిల్లు చప్పుడుకి అలవాటు పడిన ఆ చెవులకు ఇంట్లో మాటలు వినబడవు. మొగుడు రాఘవేంద్ర మంచివాడు. మంచివాడంటే తల్లి ముందు నోట్లో నాలుక లేనివాడని అర్థం. ఇంట్లో ఆడింది ఆట, పాడింది పాట అంతా అత్తగారు అన్నపూర్ణమ్మదే. ఇంటికి ముందువైపు పాత ధాన్యం దుకాణం ఉంది. మిల్లు పెట్టుకున్నాక దాని షట్టరు దించేశారు. లోపల చిరిగిన గోనెసంచులూ, విరిగిన కాటా తప్ప ఏమీ లేవు. అది నాకివ్వండి, కేకులు అక్కడ చేసుకుంటాను అని వాసవి ఎన్నోసార్లు అడిగింది. "ఇంటి కోడలు దుకాణంల కూసుంటదా?" అంటూ అత్తగారు ప్రతిసారీ తీసిపారేసింది. దాంతో వాసవి వంటింట్లో ఒక మూలనే ఓవెన్ పెట్టుకుని, తెలిసినవాళ్ళకు చేసిస్తూ వచ్చింది.

ఊళ్ళో ఆమెకు పేరు తెచ్చింది పాల కేకు. గుడ్డు లేని మెత్తటి కేకుకి పుల్లతో సన్నటి చిల్లులు పొడిచి, చిక్కగా కాచి యాలకులూ కుంకుమపువ్వూ వేసిన పాలు గరిటెతో కొద్దికొద్దిగా పోస్తుంది. తొందరపడితే అంబలి అయి కూర్చుంటుంది. అది ఒక గరిటె తాగేదాకా ఆగి, ఇంకో గరిటె పోయాలి. పాలు తాగిన కేకు ఒక గిన్నె నుంచి ఇంకో గిన్నెకు మారదు, విరిగిపోతుంది. చేసిన గిన్నెలోనే అలంకరించాలి, ఆ గిన్నెతోనే పంపాలి. అందుకని పుట్టింటి నుంచి తెచ్చుకున్న గాజు గిన్నెలు దానికే పెట్టుకుంది. తిన్నవాళ్ళు గిన్నె కడిగి తిరిగి ఇస్తారు.

ఆ ఇంటికి పాలు పోసేది రూప్లా. నిడమనూరు దారిలో ఉన్న తండా ఆయనది. వాసవి కాపురానికి రాకముందు నుంచీ తెల్లారకముందే మోపెడ్‌కి రెండు క్యాన్లు తగిలించుకుని వచ్చి, పక్కవాకిట్లో నిలబడి పోసి పోతాడు. కొలిచి పోశాక ఒక చుక్క కొసరు పోయకుండా ఏ రోజూ కదలడు. అన్నపూర్ణమ్మను పెద్దమ్మా అనీ, వాసవిని చిన్నమ్మా అనీ పిలుస్తాడు. వాసవి ఆయన్ని బాబాయ్ అంటుంది. కోదాడలో పెద్దవాళ్ళెవరినైనా అలాగే పిలిచేది మరి.

"పాలోడు బాబాయి ఎట్లయితడే నీకు? మీ కోదాడోళ్ళకు వావి వరస లేదా?" అంది అన్నపూర్ణమ్మ మొదట్లో.

"ఆయన పాలే కదత్తయ్యా రోజూ తాగుతున్నాం. ఆ మాత్రం వరస చాలదూ?" అంది వాసవి.

ఒకరోజు పొద్దున రూప్లాకి పాల కేకు ముక్క కాగితం ప్లేటులో పెట్టి ఇచ్చింది. ఆయన సగం తిని, సగం జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకోబోయాడు. "అయ్యో బాబాయ్, పాలు కారిపోతాయి!" అని వాసవి పరిగెత్తుకెళ్ళి చిన్న డబ్బాలో ఇంకో ముక్క పెట్టి తెచ్చింది. ఆ డబ్బా తండాకు పోయి ఆయన మనవరాలు నీరజ నోట్లో పడింది. ఇంకేముంది, వచ్చే శుక్రవారం పుట్టినరోజుకు నాకు అదే కావాలని ఆ పిల్ల తాతను పట్టుకుని ఊపేసింది.

"ఎనిమిదేండ్లు నిండుతయి చిన్నమ్మా. అన్నం గూడ సరిగ తింటలేదు, గదే మాట. వాళ్ళ నానమ్మ రవికె మీద అద్దాలుంటయి సూడు, గవ్వలుంటయి, కేక్ మీద గట్లనే ఉండాల్నట. చేస్తవా? పాలు నేనే పోస్త. ఇంటి పాలు ముట్టకు," అన్నాడు రూప్లా మొహమాటపడుతూ.

"నువ్వు సాయంత్రం ఆరింటికల్లా రా బాబాయ్. అద్దాలు, గవ్వలు అన్నీ ఉంటాయి. నా మాట నమ్ము," అంది వాసవి. ఆమె మాటిచ్చిందంటే ఇచ్చిందే. తండా అందర్నీ పిలుచుకుంటున్నామని కూడా రూప్లా చెప్పాడు.

ఆ శుక్రవారం పొద్దున రూప్లా ఇంటి పాలు వేరే, కేకు పాలు వేరే పోసి పోయాడు. వాసవి ఆ పాలనే కాచింది. మధ్యాహ్నానికి కేకు పాలన్నీ తాగి, ఫ్రిజ్‌లో చల్లబడి కూర్చుంది. అప్పుడు అలంకరణకు దిగింది. పైన మిగిలిన తడి శుభ్రమైన గుడ్డతో అద్దింది, లేకపోతే క్రీము జారిపోతుంది. తెల్ల క్రీము గోడకు సున్నం పట్టించినంత నున్నగా పరిచింది. స్వీట్ల మీద అంటించే వెండి రేకుని గుండ్రంగా కత్తిరించి ఒక్కొక్కటే పెట్టింది. ప్రతి అద్దం చుట్టూ ఎర్ర క్రీముతో, పసుపు క్రీముతో కుట్టు వేసినట్టు సన్నటి గీతలు గీసింది. అంచు వెంట కోనుని నొక్కి, లాగి, వదిలి, నొక్కి, లాగి, వదిలి, గవ్వల వరస తేల్చింది. మధ్యలో పిస్తా పలుకులతో నీరజ అని రాసింది. వెనక్కి జరిగి చూసుకుంటే ఆమెకే ముద్దొచ్చింది. అంత మంచి పని అంతకుముందు చేయలేదనుకుంది.

అన్నపూర్ణమ్మ అప్పుడే వంటింట్లోకి వచ్చింది. కేకు వైపు చూసింది.

"ఎవలకే ఇది?"

"రూప్లా బాబాయ్ మనవరాలికి అత్తయ్యా. వారం క్రితమే చెప్పాను కదా."

"ఏ గిన్నెల చేసినవ్?"

"మా అమ్మ ఇచ్చిన గాజు గిన్నెలో."

అన్నపూర్ణమ్మ ఊఁ అని ఊరుకుంది. ఏ గిన్నె అని ఎందుకు అడిగిందో వాసవి పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది. కాసేపటికి హాల్లోంచి అత్తగారి గొంతు వినబడింది. "వాసవీ, కాళ్ళు కడుక్కొని దేవుని దగ్గర దీపం పెట్టు. ఇయ్యాల శుక్రవారం గదా, జల్ది పెట్టు."

ఎదురింటి గోడ మీద ఎండ ఇంకా పచ్చగానే ఉంది. రోజూ ఆరున్నర దాటితే గానీ దీపం మాట ఎత్తని మనిషి ఇవాళ ఇంత తొందరపెడుతోందేమిటని వాసవికి ఒక్క క్షణం అనిపించింది. చేతికంటిన క్రీము కడుక్కుని, పోయి వత్తి వెలిగించి, దండం పెట్టుకుని వచ్చింది. తన గొయ్యి తనే తవ్వుకుందని ఆ క్షణంలో ఆమెకేం తెలుసు!

రూప్లా చెప్పిన వేళకే వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు, మోపెడ్ క్యాన్లు తీసేసి వెనక మెత్తటి దుప్పటి మడిచి కట్టుకున్నాడు. గేటు దగ్గరే నిలబడి "చిన్నమ్మా" అని పిలిచాడు. వాసవి గిన్నెకు మూత పెట్టి రెండు చేతులా ఎత్తుకుని హాల్లోకి వచ్చేసరికి గడపకు అడ్డంగా అన్నపూర్ణమ్మ నిలబడి ఉంది.

"యాడికి?"

"కేకు ఇవ్వాలి అత్తయ్యా, బాబాయ్ వచ్చాడు."

"దీపాలు పెట్టినంక శుక్రవారం పూట పాలు, పెరుగు, ఉప్పు గడప దాటొద్దు. మీ అమ్మ నేర్పలేదా?"

వాసవికి మొదట నవ్వొచ్చింది. "ఇది కేకండీ!"

"పాలు పోసినవా లేదా?"

"పోశాను."

"మరి పాలే గదా. లక్ష్మి బయటికి పోతది. రేప్పొద్దున రమ్మను, ఇస్తం."

"రేపెందుకత్తయ్యా? పుట్టినరోజు ఇవాళ! అక్కడ పిల్ల కాచుక్కూచుంది. అసలు ఈ పాలు మనవి కూడా కావు, పొద్దున ఆయన పోసి పోయినవే."

"గడప లోపలికి వచ్చినంక మన పాలే," అంది అన్నపూర్ణమ్మ తాపీగా.

అప్పుడు వెలిగింది వాసవికి, ఎండ ఉండగానే దీపం ఎందుకు పెట్టించిందో. తన చేత్తోనే తన కేకుకి అడ్డం కట్టించింది మహాతల్లి! అరికాలి మంట నెత్తికెక్కింది. ఆచారాలంటే వాసవికి లెక్కలేదని కాదు. శుక్రవారం ఆమె కూడా ఉప్పు అప్పివ్వదు. కానీ ఇది ఆచారమా, ఆచారం పేరు పెట్టుకున్న మొండితనమా?

"మన మిల్లు నుంచి ఇందాకే బియ్యం లారీ పోయింది కదా. దాంతో పోని లక్ష్మి నా గిన్నెతో పోతుందా? మొన్న మిల్లర్ల సంఘం ప్రెసిడెంటు గారింటికి పాల కేకు పంపిన రోజు ఏ వారం? శుక్రవారం కాదూ! దీపాలు పెట్టాక కార్లో ఒళ్ళో పెట్టుకుని మీరే తీసుకుపోయారు కదండీ!"

"నోరు లేస్తున్నదే నీకు. అది యేరే, ఇది యేరే."

"ఏంటి వేరే? చెప్పండి, వింటాను."

అన్నపూర్ణమ్మ కొడుకు వైపు చూసింది. రాఘవేంద్ర సోఫాలో కూర్చుని ఫోను చూస్తున్నాడు. చూస్తున్నాడంటే తల ఎత్తకుండా ఉండటానికి చూస్తున్నాడు. "ఏమండీ, మీరైనా చెప్పండి," అంది వాసవి. "జర రేపు ఇద్దాం తియ్, ఇంత లొల్లి ఎందుకు," అన్నాడతను ఫోనుకేసి చూస్తూనే.

గేటు దగ్గర రూప్లాకి అంతా వినబడింది. "పోనియ్యి చిన్నమ్మా. పెద్దమ్మ అన్నది నిజమే, శుక్రవారం గదా. రేప్పొద్దున పాలకు వచ్చినప్పుడు తీస్కపోత. పిల్లకు నేను చెప్పుకుంట," అన్నాడు. అని మోపెడ్ స్టాండు తీశాడు.

ఆ మాటతో వాసవికి ఒళ్ళంతా భగ్గుమంది. అత్తగారి అడ్డం కంటే, మొగుడి గోడమీద పిల్లివాటం కంటే, ఆ ముసలాయన అంత తేలిగ్గా సర్దుకుపోవడం ఆమెకు ఎక్కువ మంటపెట్టింది. ఎన్నిసార్లు ఎన్ని గడపల ముందు సర్దుకుపోతే మనిషికి అంత అలవాటవుతుంది? గిన్నె గట్టిగా పట్టుకుంది.

"ఆగు బాబాయ్! అత్తయ్యా, పక్కకు జరగండి. గిన్నె చేతిలో ఉంది, తగిలితే పాలు మీ చీర మీదే పోతాయి."

అన్నపూర్ణమ్మ జరగదని వాసవి అనుకుంది. కానీ చీర పట్టుచీర. అడుగు వెనక్కి వేసింది. వాసవి గడప దాటేసింది. "లక్ష్మి పోతే నీదే పాపం!" అని వెనక నుంచి అరుపు వినబడింది. "పోతే నేనే వెనక్కి తీసుకొస్తాను!" అని ఈమె గేటు తీస్తూ అరిచింది. వీధివీధంతా కిటికీలు తెరిచి చూసింది.

మోపెడ్ మీద అయితే తండా చేరేసరికి గవ్వలూ అద్దాలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఆటో కోసం మలుపు దాకా నడిచారు ఇద్దరూ, రూప్లా మోపెడ్ తోసుకుంటూ. మలుపు తిరిగారో లేదో వెనక నుంచి కారొచ్చి ఆగింది. రాఘవేంద్ర అద్దం దించి, "ఎక్కు," అన్నాడు.

"మలుపు దాటాక వచ్చిందా మీ ధైర్యం? ఇంటి ముందు ఎక్కడ పెట్టుకున్నారు, డిక్కీలోనా?"

"ఎక్కవే, కరుగుతది."

క్రీము కరుగుతుందన్న ఒక్క భయంతో ఎక్కింది. దారి పొడుగునా అతనితో మాట్లాడలేదు. గుంత వచ్చిన ప్రతిచోటా "మెల్లిగా!" అని మాత్రం కసిరింది. ముందు రూప్లా మోపెడ్ దారి చూపిస్తూ పోయింది.

తండాలో రూప్లా ఇంటి ముందు కుర్చీలు వేశారు, బుడగలు కట్టారు, డబ్బా స్పీకర్లో పాట మోగుతోంది. వాడపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే నీరజ నాన్న శ్రీకాంత్ డ్యూటీ నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, జుట్టు నిండా బూడిదరంగు దుమ్ము. బల్ల మీద గిన్నె పెట్టి వాసవి మూత తీసింది. పిల్లలంతా ఒక్కసారి హే అని అరిచారు. కొత్త గౌను వేసుకున్న నీరజ మాత్రం అరవలేదు, వంగి గవ్వల్ని దగ్గర నుంచి చూస్తూ నిలబడిపోయింది. రూప్లా భార్య పార్వతి ఇంట్లోంచి వచ్చింది. మనవరాలి కోసం ఆ రోజు పాత అద్దాల రవికె వేసుకుంది. కేకు చూసింది, తన రవికె చూసుకుంది, మళ్ళీ కేకు చూసింది.

"ఇప్పుడే కొయ్యకుండ్రి జర. కంటినిండ సూడనియ్యిండ్రి," అంది.

వాసవి అందుకున్న కత్తి మళ్ళీ బల్ల మీద పెట్టేసింది. ఇంత ఆనందాన్ని రేప్పొద్దుటి దాకా ఫ్రిజ్‌లో పెట్టమంది కదా అత్తగారు అనుకునేసరికి ఆమెకు మళ్ళీ కోపం తన్నుకొచ్చింది. నీరజ కొవ్వొత్తులు ఊదింది, కోసింది. మొదటి ముక్క తాతకు పెట్టింది, రెండోది వాసవికి. రాఘవేంద్రకు కూడా ప్లేటు ఇచ్చారు. అతను కారు దగ్గరే నిలబడి తిన్నాడు. ఇంకో ముక్క అడిగి మరీ వేయించుకున్నాడు, ప్లేటు వంచి పాలు తాగాడు. వాసవి కళ్ళారా చూసింది.

పార్వతి గిన్నె శుభ్రంగా కడిగి తుడిచి తెచ్చింది. ఉత్త గిన్నె ఇవ్వకూడదని అందులో నీరజ ఏరిన ఒక పెద్ద ముక్క పెట్టింది. మధ్యలోది, పేరులోని మొదటి అక్షరం ఉన్నది, రెండు అద్దాలున్నది. "పెద్దమ్మకు ఇయ్యాలె. మా తాత చెప్తడు, పెద్దమ్మ మంచిదని," అంది నీరజ. వాసవి ఆ పిల్ల బుగ్గ నిమిరి కారెక్కింది.

ఇంటికి వచ్చేసరికి అన్నపూర్ణమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. పెద్ద రభస జరుగుతుందని వాసవి చీర కొంగు దోపుకుని దిగింది. ఆశ్చర్యం, ఆవిడ గొంతు మెత్తగానే ఉంది. "పోయింది పోయింది తియ్. కాళ్ళు కడుక్కొని లోపలికి రా," అంది. వాసవి కోపం కూడా ఒక మెట్టు దిగింది. ఎంతైనా పెద్దావిడ అనుకుంది. గిన్నె ముందుకు చాపింది.

"మీకోసం పంపించారు అత్తయ్యా. ఆ పిల్ల ఏరి పెట్టింది."

అన్నపూర్ణమ్మ గిన్నెలోకి చూసి కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"వాళ్ళింట్ల కోసిందా?"

"పుట్టినరోజు వాళ్ళింట్లోనే కదండీ."

"గిన్నె వాళ్ళే కడిగిన్రా?"

వాసవి చాపిన గిన్నె వెనక్కి తీసుకుంది.

"లోపలికి తేకు. గాడ బండ మీద పెట్టు, రేపు పనామె కడుగుతది. అందుకే నేను వద్దన్న. పాలు పొయ్యనీ, గుమ్మం కాడ పోస్తడు, మనం కాచుకుంటం. తిండి సంగతి యేరే. మన గిన్నె గాళ్ళింటికి పోయుడు, గాళ్ళది మళ్ళ మన ఇంట్లకు వచ్చుడు, ఏం పద్ధతే?"

అదీ సంగతి. లక్ష్మి లేదు, శుక్రవారం లేదు. మధ్యాహ్నం ఏ గిన్నె అని అడిగినప్పుడే ఈ మాట ఆవిడ నోటి చివర ఉంది. దాని మీద దీపం వెలుగు కప్పింది, ఆ దీపం కూడా కోడలి చేత్తోనే పెట్టించింది.

"గడప లోపలికి వచ్చినవి మన పాలే అన్నారు కదా," అంది వాసవి. "ఆ పాలే ఇవి. నా చేత్తో కాచాను, నా చేత్తో పోశాను. శుక్రవారం పాలు పోతే లక్ష్మి పోతుందన్నారు. ఇదిగో, శుక్రవారమే తిరిగొచ్చింది. ఇప్పుడు బండ మీద పెట్టమంటారా లక్ష్మిని?"

అన్నపూర్ణమ్మ ఎప్పుడూ చేసే పనే చేసింది, కొడుకు వైపు తిరిగింది. "నువ్వు గూడ తిన్నవారా ఆడ?"

రాఘవేంద్ర కారు తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"లేదమ్మా," అన్నాడు.

సిగ్గులేదూ! ప్లేటు వంచి తాగిన మనిషి! ఆ ఒక్క మాటకు వాసవికి తల కొట్టేసినట్టయింది. ఎదురుగా నిలబడి అడ్డం కొట్టిన అత్తగారి మీద ఉన్న కోపం కూడా దాని ముందు చిన్నదైపోయింది. గిన్నె పట్టుకుని పోయి, మూసి ఉన్న షట్టరు ముందు మెట్ల మీద కూర్చుంది. ఆ ముక్కంతా తనే తింది, వేళ్ళు నాకింది, గిన్నె కడిగి లోపల తన అరలో తనే పెట్టుకుంది. దేవుడి గది పక్కన మేకుకి వేలాడుతున్న షట్టరు తాళంచెవి తీసి కొంగున ముడేసుకుంది. ఎవరినీ అడగలేదు.

తెల్లవారకముందే షట్టరు గరగరమంటూ పైకి లేచిన చప్పుడుకి వీధి మేలుకుంది. వాసవి గోనెసంచులు బయటికి లాగి పడేసింది, ఊడ్చింది, కడిగింది, ముందు నాలుగు గీతల ముగ్గు వేసింది. వంటింట్లోంచి చిన్న స్టవ్ తెచ్చింది. ఓవెన్ ఎత్తబోతుంటే రాఘవేంద్ర వచ్చి ఒక పక్క పట్టుకున్నాడు. "నేను రాత్రి..." అని మొదలుపెట్టాడు.

"ఓవెన్ మాత్రం పట్టుకోండి. మాటలు వద్దు."

రూప్లా మోపెడ్ వచ్చింది. ఆయన అలవాటుగా పక్కవాకిలికి పోబోయాడు. "బాబాయ్, ఇవాళ ముందు ఇక్కడ పాలు పోయ్," అని పిలిచింది వాసవి. కొత్త గిన్నెలో పాలు పోయించుకుని స్టవ్ మీద పెట్టింది. రూప్లాకి అర్థమైంది, మొహం విప్పారింది. "దుకాణం పెడుతున్నవా చిన్నమ్మా! పొంగనియ్యి, మంచిగ పొంగనియ్యి," అన్నాడు.

పాలు నురగ కట్టే వేళకు అన్నపూర్ణమ్మ చేతిలో పాలగిన్నెతో అక్కడికి వచ్చింది. పొద్దున్నే టీ పడకపోతే ఆవిడకు తలనొప్పి. తెరిచిన షట్టరు చూసింది, ముగ్గు చూసింది, ఓవెన్ పక్కన నిలబడ్డ కొడుకుని చూసింది. నోరు తెరిచేలోపే రూప్లా ఎదురెళ్ళాడు.

"పెద్దమ్మా, ముక్క తిన్నవా? మా నీరజ రాత్రంత గదే అడిగింది. పొద్దున పోంగనే అడుగు తాతా అన్నది. మంచిగున్నదా?"

అన్నపూర్ణమ్మ వాసవి వైపు చూసింది. వాసవి కూడా చూసింది, చెప్పండి అన్నట్టు. ఆ ముసలాయన మొహం ఆశగా, తెల్లగా నవ్వుతూ ఉంది.

"ఆ... తిన్న. మంచిగున్నది," అంది అన్నపూర్ణమ్మ.

కొడుకేమో తిని తినలేదన్నాడు, తల్లేమో తినకుండా తిన్నానంది. ఏం వంశమమ్మా ఇది! వాసవి నోటి చివరిదాకా వచ్చింది, బండ మీద పెట్టమన్న మాట, గిన్నె కడిగారా అన్న మాట, అన్నీ కడిగి పారేద్దామనుకుంది. రూప్లా నవ్వు చూసి మింగేసింది. బతుకులో మొదటిసారి కోపాన్ని మింగింది, అది ఆయన కోసం. మింగినదాంట్లో సగం మళ్ళీ పైకొచ్చింది.

"విన్నావా బాబాయ్? అత్తయ్యకు బాగా నచ్చిందట. వచ్చే శుక్రవారం నీరజను ఇక్కడికి తీసుకురా. దీపాలు పెట్టాక ఇక్కడే కోద్దాం. అత్తయ్యా, మీరూ ఆ పిల్లా ఒకే పళ్ళెంలో తినాలి. కడిగే పని పనిమనిషికి ఎందుకు, నేనే కడుగుతాను."

స్టవ్ మీద పాలు అంచు దాటి పొంగి, చుయ్ మంటూ మంట మీద పడ్డాయి. ఎవరూ ఆర్పలేదు.

"తప్పకుండ తోల్కొస్త!" అన్నాడు రూప్లా సంబరంగా. "గౌను గూడ అదే తొడుగుతం." అని అన్నపూర్ణమ్మ చాపిన గిన్నెలో పాలు కొలిచి పోశాడు. రోజూ పోసే కొసరు పోశాడు. అంతటితో ఆగకుండా, సంతోషం పట్టలేక ఇంకో గ్లాసుడు పోశాడు. గిన్నె అంచుల దాకా నిండింది. ఒలకకుండా లోపలికి తీసుకుపోవడానికి అన్నపూర్ణమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకోవాల్సి వచ్చింది.